ఊపిరితిత్తిలో బూజు: జవాబు చెప్పేదెవరు?

మా చిన్నాన్న ఇంట్లో దూలానికి ఒక పురికొస వేలాడుతుండేది. దానికి ఖాళీ మాత్రల రేకులు గుత్తులు గుత్తులుగా గుచ్చి ఉండేవి. టి.బి. మందు మింగిన ప్రతిసారీ ఆ రేకును పారేయకుండా పురికొసకు ఎక్కించేవాడు. ఎందుకని అడిగితే, "రేపెవులైనా అడిగితే సూపించాల కదరా. నాను మానలేదు. ఒక్క పూటైనా మానలేదు" అనేవాడు.

అడిగారు. అందరూ అడిగారు. మొదటిసారి టి.బి. వచ్చినప్పుడు ఆరు నెలలు మందులు వాడి బాగుపడ్డాడు. మూడేళ్ళు కొండపోడు చేశాడు, పిప్పళ్ళు అమ్మాడు, మా చెల్లి పెళ్ళికి ముందుండి నడిచాడు. తర్వాత ఒక వానాకాలం దగ్గుతో పాటు నెత్తురు పడింది. తెమడ పరీక్షలో ఏమీ కనిపించలేదు. ఎక్స్‌రేలో మాత్రం పై భాగంలో మచ్చ కనిపించింది. "మళ్ళీ తిరగబెట్టింది, మధ్యలో మందులు ఆపేసి ఉంటావు" అన్నారు. అప్పట్లో తిరగబెట్టిన వాళ్ళకు ఎనిమిది నెలల మందు, మొదటి రెండు నెలలు ఇంజెక్షన్లు కూడా. ఆ ఇంజెక్షన్ల తర్వాత ఆయన చెవుల్లో ఎప్పుడూ జీలపురుగు కూసినట్టు ఉండేదట. అదీ పూర్తి చేశాడు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ నెత్తురు. ఈసారి ఎవరూ ప్రశ్న అడగలేదు, నేరుగా తీర్పే ఇచ్చారు. "మీవాళ్ళు కల్లు తాగి మందులు పడేస్తారు. మేమేం చేస్తాం?"

నేనప్పటికి ఉద్యోగంలో చేరి కొన్నేళ్ళయింది. ఊళ్ళో చదువుకున్నవాణ్ణి నేనే. ఆయన తరఫున మాట్లాడవలసిన నేను, ఆయన్ని పక్కకు పిలిచి, "నిజం చెప్పు చిన్నాన్నా, మానేశావా?" అని అడిగాను. ఆయనేమీ అనలేదు. దూలం వైపు చూశాడు.

చివరకు కొండ దిగువ పట్నంలో సి.టి. స్కాన్ తీశారు. ఒక కుర్ర డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి నాకు చూపించాడు. టి.బి. తగ్గాక ఊపిరితిత్తి పైభాగంలో మిగిలిపోయిన గుల్ల ఒకటుంది. ఆ గుల్లలో చింతపిక్క కంటే పెద్దదిగా ఒక ఉండ. ఉండకూ గుల్ల గోడకూ మధ్య నెలవంకలా సన్నటి గాలి చార. "ఇది టి.బి. కాదండి, ఫంగస్. బూజు ముద్ద" అన్నాడు. నెత్తురు పరీక్ష కూడా అదే చెప్పింది. ఊపిరి బలం లేదు కాబట్టి ఆపరేషను కుదరదన్నారు. ఫంగస్ మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలతో రెండేళ్ళు బతికాడు. ముందే తెలిసి ఉంటే ఎన్నేళ్ళు బతికేవాడో ఎవరూ లెక్క చెప్పలేరు, నేనూ చెప్పను.

ఈ జబ్బు గురించి టీచర్లకు నాలుగు మాటలు చెప్పాలి. మన పిల్లలకు క్షయ గురించి పాఠం ఉంది గాని దీని గురించి లేదు. ఈ బూజు పేరు ఆస్పర్జిల్లస్. 1729లో మిఖేలీ అనే ఇటలీ శాస్త్రవేత్త దీన్ని సూక్ష్మదర్శినిలో చూసి, చర్చిలో పవిత్రజలం చల్లే సాధనంలా ఉందని ఆ పేరు పెట్టాడు. తడిసిన గడ్డివాములో, పెంటకుప్పలో, నెమ్ముకున్న గింజల్లో ఇది పెరుగుతుంది. దీని బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి ఏమీ చేయవు. పాత టి.బి. వల్ల గుల్ల పడిన చోట మాత్రం అద్దె లేని ఇల్లు దొరికినట్టు కాపురం పెడతాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఈ ముక్క ఊళ్ళో గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా చిన్నాన్న పళ్ళెం, గ్లాసు ఏళ్ళ తరబడి విడిగా పెట్టాం. 2021లో కరోనా వెనకాల వచ్చిన బ్లాక్ ఫంగస్ వేరే జాతి, దానితో కలిపి చూడొద్దు.

ఇదేమీ అరుదైన సంగతి కాదు. బ్రిటన్‌లో 1960ల చివర, టి.బి. తగ్గాక గుల్లలు మిగిలిన 544 మందిని వరసగా పరిశీలించారు. నూటికి 11 మందిలో బూజు ఉండ కనిపించింది. మూడేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే అది 17కి పెరిగింది. టి.బి. తర్వాత వచ్చే ఈ జబ్బుతో ప్రపంచంలో సుమారు 12 లక్షల మంది బతుకుతున్నారని 2011లో ఒక అంచనా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాదకరమైన ఫంగస్‌ల పట్టిక మొదటిసారి ప్రకటించినప్పుడు ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగాటస్‌ను అన్నిటికన్నా పై వరసలో పెట్టింది. ప్రపంచంలోని టి.బి. రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. అలాంటప్పుడు ఆ గుల్లలు, ఆ బూజు ఎక్కడ ఎక్కువ ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత పాత కథ ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఎక్స్‌రే చదివే మెషిన్ మా కొండకు వచ్చింది.

ఛాతీ ఎక్స్‌రేలో టి.బి. ఉందేమో చూడడానికి, పదిహేనేళ్ళు దాటినవాళ్ళ విషయంలో, డాక్టరు బదులు కంప్యూటర్‌ను వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. మన ప్రభుత్వం 2024 డిసెంబర్ 7న మొదలుపెట్టిన వంద రోజుల టి.బి. కార్యక్రమంలో చేత్తో మోసుకెళ్ళే ఎక్స్‌రే పెట్టెల్ని ఊళ్ళలోకి పంపింది. ఆ తర్వాత అలాంటి పెట్టె ఒకటి మా బడి వరండాకీ వచ్చింది. కెమెరా కంటే కొంచెం పెద్దది. పక్కన ఒక లాప్‌టాప్. మనిషి నిలబడతాడు, టక్కుమంటుంది, నిమిషం లోపే తెర మీద ఛాతీ బొమ్మ, దాని మీద ఎర్రగా, పసుపుగా రంగు మరకలు, పక్కన ఒక అంకె. పిల్లలు సినిమా చూసినట్టు చూశారు. "డాక్టరు అక్కర్లేదు సార్, ఏఐ చూసుకుంటుంది" అన్నాడు వచ్చిన కుర్రాడు.

నాకూ సంతోషమే వేసింది. అది దాచను. ఎక్స్‌రే చదవగల డాక్టరు మా మండలంలో ఎప్పుడూ లేడు. ఒక్క ఫిల్ము కోసం జీపెక్కి ఘాట్ దిగి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని, ఎవరో చుట్టం ఇంటి అరుగు మీద పడుకున్నవాళ్ళం. పెట్టె మన దగ్గరికే వస్తే కాదనేదెవరు? కాని అప్పుడే ఆరో తరగతి పిల్ల ఒకతి నా చొక్కా లాగి అడిగింది: "సార్, ఈ పెట్టెకి ఎవరు సదువు సెప్పారు?"

ఈ వ్యాసమంతా ఆ పిల్ల ప్రశ్నకు జవాబు వెతకడమే.

మెషిన్‌కు చదువు ఎలా చెబుతారంటే, మనం ఒకటో తరగతికి చెప్పినట్టే. వేల ఫోటోలు చూపిస్తారు. ప్రతి ఫోటో పక్కన జవాబు రాసి ఉంటుంది: ఇది టి.బి., ఇది కాదు. మెషిన్ ఊహిస్తుంది, తప్పితే దిద్దుతారు, మళ్ళీ ఊహిస్తుంది. లక్షసార్లు అయ్యాక తప్పులు తగ్గుతాయి. అంతే, ఇందులో మంత్రమేమీ లేదు. కాని దానికి ఏ జవాబులు నేర్పామో ఆ జవాబులే తెలుసు. టి.బి. ఒక్కటే నేర్పిన మెషిన్‌కు బూజు ముద్ద చూపిస్తే "ఇది నాకు తెలియనిది" అనదు. ఊపిరితిత్తి పైభాగం, గుల్ల, మచ్చ... తనకు తెలిసిన వాటిలో దేనికి దగ్గరగా ఉందో చూసి అంకె వేస్తుంది. ఒకసారి టి.బి. వచ్చి తగ్గినవాళ్ళ ఛాతీలో మచ్చలు జీవితాంతం ఉంటాయి కాబట్టి, ఈ మెషిన్లు అలాంటివాళ్ళ దగ్గర ఎక్కువ పొరబడతాయని పరిశోధకులే చెబుతున్నారు. మా చిన్నాన్న ఈ రోజు బతికి ఉండి మా వరండాలో నిలబడితే ఆ తెర మీద పెద్ద అంకే వచ్చేదని నా అనుమానం.

బూజును పట్టడానికి వేరే మెషిన్లు తయారుచేసే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. సి.టి. ఫోటోల్లో ఆ నెలవంకను, ఆ ఉండను గుర్తుపట్టేలా నేర్పుతున్నారు. మంచిదే. కాని దానికి కావలసింది సరైన జవాబు రాసి ఉన్న ఫోటోలు. ఇక్కడే నాకు నిద్ర పట్టని సంగతి ఒకటుంది. మా చిన్నాన్న ఫోటోలు కొన్ని ఏదో ఒక ఆసుపత్రి రికార్డులో ఉండే ఉంటాయి. వాటి పక్కన రాసి ఉన్న జవాబు "టి.బి., తిరగబెట్టింది" అని. తర్వాత పట్నంలో తేలిన నిజం ఆ పాత కాగితాల దాకా తిరిగి వెళ్ళి ఉండదు. ఆ ఫోటోలే రేపు ఒక మెషిన్‌కు పాఠమైతే? ఆయన మీద పడ్డ తప్పు తీర్పును అది బుద్ధిగా నేర్చుకుంటుంది. ఆయనలాంటి ఇంకొకడు ఎదురుపడితే అదే తీర్పును అప్పజెబుతుంది. జవాబుపత్రమే తప్పయితే, బాగా చదివిన పిల్లాడికే తప్పులు ఎక్కువ వస్తాయి.

మెషిన్లు అసలు విషయం వదిలేసి పక్కవాటిని నేర్చుకోవడం కూడా బయటపడింది. 2018లో అమెరికాలో న్యుమోనియాను పట్టే మెషిన్లను పరీక్షించారు. ఒక ఆసుపత్రిలో బాగా పనిచేసింది ఇంకో చోట తడబడింది. ఎందుకని తవ్వి చూస్తే, ఫోటో ఏ ఆసుపత్రిలో తీశారో మెషిన్ ఇట్టే పసిగడుతోంది. ఫలానా ఆసుపత్రికి న్యుమోనియా రోగులు ఎక్కువ వస్తారు కాబట్టి అక్కడి ఫోటో అయితే జబ్బు ఉందనే వైపు మొగ్గుతోంది. అంటే మనిషి ఛాతీ కంటే ముందు ఊరు చూసింది. "మీవాళ్ళు మందులు పడేస్తారు" అన్నవాళ్ళు చేసిందీ అదే కదా? 2021లో వచ్చిన ఇంకో పరిశోధన అమెరికాలోని నల్లజాతివారు, ఆడవాళ్ళు, ప్రభుత్వ బీమా మీద ఆధారపడ్డ పేదల ఫోటోలను చూసింది. జబ్బు ఉన్నా "ఏమీ లేదు" అని మెషిన్ పంపేసినవాళ్ళలో వీళ్ళే ఎక్కువ. ఎవరికి ముందే వైద్యం సరిగా అందదో వాళ్ళకే ఇదీ తక్కువైంది.

ఇక ఆ అంకె సంగతి. కొన్ని మెషిన్లు సున్నా నుంచి వంద వరకు అంకె వేస్తాయి. ఏ అంకె దాటితే "అనుమానం, తెమడ పరీక్షకు పంపండి" అనాలో మెషిన్ నిర్ణయించదు. ఆ గీత గీసేది మనుషులు. మన 35 మార్కుల గీత లాంటిదే. గీత కిందికి దించితే జబ్బు లేనివాళ్ళు కూడా చాలామంది ఘాట్ దిగాల్సి వస్తుంది, కూలి పోతుంది. పైకి జరిపితే జబ్బున్నవాళ్ళు ఇంటికెళ్ళిపోతారు. ఎవరి కూలి, ఎవరి ప్రాణం, ఏది ఎంత బరువు అన్నది లెక్కల ప్రశ్న కాదు, ధర్మం ప్రశ్న. స్థానిక పరిస్థితిని బట్టి గీతను ఆయా దేశాలే ఎంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. ఆ గీత గీసేటప్పుడు మన కొండ మనిషి ఒక్కడైనా ఆ గదిలో ఉన్నాడా అని నేను అడుగుతాను. మెషిన్ తెచ్చిన కుర్రాణ్ణి గీత ఎక్కడ పెట్టారని అడిగితే, "అది పైనుంచే సెట్ చేసి వస్తుంది సార్" అన్నాడు. పాపం, అతని తప్పేముంది.

"డాక్టరు లేని చోట ఏదో ఒకటి ఉండడం మేలు కదా" అని నా మిత్రుడొకడు, సైన్సు టీచరు, వాదించాడు. నిజమే, కాదనలేను. ఆ పెట్టె వల్ల మా చుట్టుపక్కల ఊళ్ళలో దగ్గు కూడా లేని ఒకామెకు టి.బి. బయటపడింది, ఇప్పుడు మందులు వాడుతోంది. ఆ ఒక్కామె ముందు నా అనుమానాలన్నీ చిన్నవే. కాని "ఏదో ఒకటి" అనే మాట మన కొండల మీద చాలా కాలంగా వింటున్నాం. అయిదు తరగతులకు ఒక్క టీచరు: ఏదో ఒకటి. డోలీ ఉండగా రోడ్డెందుకు: ఏదో ఒకటి. ఏదో ఒకటి అని వచ్చింది ఏళ్ళు గడిచేసరికి అదే అన్నీ అయిపోతుంది. మెషిన్ ఉంది కదా, డాక్టరు పోస్టు ఎందుకు అనే రోజు రాకూడదు. మెషిన్ అనుమానం చెప్పాక తెమడ పరీక్ష ఎవరో చేయాలి, అది లేకపోతే సి.టి.కి ఎవరో పంపాలి, ఫంగస్ అని తేలితే ఆ మాత్రలు ఎవరో ఇవ్వాలి. పైగా టి.బి.కి ఇచ్చే రిఫాంపిసిన్ ఈ ఫంగస్ మాత్రల బలాన్ని తగ్గించేస్తుంది. దేనికి ఏది ఇవ్వాలో తూచే బుర్ర ఒకటి దగ్గర్లో ఉండాలి.

మా తాతల కాలంలో జబ్బు చేస్తే దిసారి దగ్గరికి వెళ్ళేవారు. బియ్యపు గింజలు వేసి లెక్క చూసి, ఏది పట్టిందో చెప్పేవాడు. ఆయన మాట నమ్మి ఆలస్యం చేసి పోయినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, కాబట్టి ఆ రోజుల్ని నేను పొగడను. కాని ఒకటి ఉంది. దిసారి మా ఊళ్ళోనే ఉండేవాడు. మాట తప్పితే మర్నాడు అదే బాట వెంట మా ఇంటి ముందు నుంచే నడవాలి. మా నాయనమ్మ అడ్డం నిలబడి "ఏటయ్యా, సెప్పింది జరగలేదు?" అని అడిగేది. ఆయన నిలబడి సమాధానం చెప్పేవాడు, లేదా తల దించుకునేవాడు. ఆ అంకె తప్పయితే మా చిన్నాన్న ఎవరి దారికి అడ్డం నిలబడాలి? ప్రోగ్రాం రాసినవాళ్ళా? కొన్నవాళ్ళా? గీత గీసినవాళ్ళా? పెట్టె మోసుకొచ్చిన కుర్రాడా? ఒక్కొక్కరూ పక్కవాణ్ణి చూపిస్తారు. అందరికీ భాగం ఉన్న తప్పుకు ఎవరూ బాధ్యులు కాకుండా పోవడం మనకు కొత్త కాదు. కాకపోతే ఇది ఇంకొంచెం నున్నగా ఉంటుంది.

నా ఫోన్‌లో ముఖం చూసి హాజరు వేసే యాప్ ఉంది. వాన రోజున సిగ్నలు లేక బడి గేటు దగ్గర నిలబడ్డ నన్ను అది లేనట్టే చూసింది. నేను ఇక్కడే ఉన్నానని ఎవరికి చెప్పుకోవాలో తెలియక చెట్టెక్కినంత పని చేశాను. నాది ఒక్క పూట జీతం గొడవ. అయినా ఆ పూట మా చిన్నాన్న పురికొస గుర్తుకొచ్చింది. నిజంగా మందులు మింగినవాడు తాను మింగానని రుజువు దాచుకోవలసి రావడం ఎంత అవమానమో అప్పుడు కొంచెం తెలిసింది. రేపు ఆయన లాంటివాడు గుత్తి రేకులు చూపించినా తెర మీద 94 అని ఉంటే, ఎవరి మాట చెల్లుతుంది? డాక్టరు తప్పు చేస్తే కనీసం ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు. అంకెతో వాదించడం మనలో ఎవరికి చేతనవుతుంది?

ఆరో తరగతి పిల్లకు నేను చెప్పిన జవాబు ఇది. మెషిన్‌కు చదువు చెప్పింది మనుషులే. వాళ్ళకు తెలిసిందే చెప్పారు, తెలియనిది చెప్పలేదు. టీచరైన నాకు క్లాసులో "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనడం నేర్చుకోవడానికి పదేళ్ళు పట్టింది. డిప్లొమాలో ఆ పాఠం లేదు. ఆ మాట అనగల మెషిన్‌ను తయారుచేయడం కుదరని పనేం కాదు. "ఇది నేను నేర్చుకున్న వాటిలా లేదు, మనిషి చూడాలి" అని చెప్పేలా వాటికి నేర్పవచ్చు. అలా అడగాల్సింది కొనేవాళ్ళు. వాళ్ళను అడగాల్సింది మనం. చీటీ మీద అంకెతో పాటు, దాన్ని చూసి సరే అన్న మనిషి పేరు ఒకటి ఉండాలని కూడా అడగాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో కొందరు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు, నర్సింగు, కంప్యూటర్లు చదువుతున్నారు. ఈ పెట్టెలు మోసుకుని మన ఊళ్ళకు వచ్చేది రేపు మీరే కావచ్చు. టి.బి. మందులు పూర్తి చేసిన మనిషి మళ్ళీ దగ్గుతూ, నెత్తురు పడుతూ, చిక్కిపోతూ వస్తే, తెమడలో ఏమీ లేదంటే, "ఫంగస్ కావచ్చా?" అని డాక్టర్ని ఒక్క మాట అడగండి. ఆ మాట మా చిన్నాన్న కోసం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన్ని మాత్రం ఇంకేదో అడిగాను.

ఆయన పోయాక పురికొసను పిన్ని పొయ్యిలో వేసింది, ఎక్స్‌రే కవర్లు నాకిచ్చింది. నా రేకుపెట్టెలో టి.టి.సి. పుస్తకాల కింద ఉన్నాయి. వానాకాలం వస్తే వాటికీ బూజు పడుతుంది, తీసి తుడిచి ఎండలో పెడతాను. పోయిన నెల అలా తీసినప్పుడు కవర్ల మీద పాత రాతలు చూశాను. మూడింటి మీదా టి.బి. అనే ఉంది. రెండో కవరు మీద, మూడో కవరు మీద ఆ మాట కొట్టేసి, కింద నీలం పెన్నుతో "ఆస్పర్జిల్లస్. సి.టి.లో తేలింది. మందులు ఒక్క పూట కూడా మానలేదు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.